మ్యాట్నీ జాగరణ విజయము

ఓ ఆవులింతల అధిదేవతా! ఒకడు నోరు తెరిచినంతనే పక్కవాడును, పక్కవానిని చూచి వాని వెనుకవాడును నోరు తెరుచునట్లు చేసి, సభలను, తరగతి గదులను, ఆఫీసు మీటింగులను ఏకచ్ఛత్రముగా ఏలుచున్న తల్లీ! నీకు ముందుగా ఒక నమస్కారము. ఈ గాథ ముగియువరకు నా శ్రోతల జోలికి రావద్దని నా మనవి. ఏలయన, నేను చెప్పబోవునది నీ పరాజయము.

అది మిట్టమధ్యాహ్నము. సూర్యుడు నడినెత్తిన నిలిచి డాబాలమీది నీళ్ల ట్యాంకులను కాచుచుండెను. కుక్కలు ఆగియున్న కార్ల క్రింద చేరి, మొరుగవలసిన పనిని సాయంత్రమునకు వాయిదా వేసికొనెను. అన్నము తిన్న మానవజాతి యావత్తు కునికిపాట్లు పడు ఆ ఘోరసమయమున, బస్సుస్టాండు వెనుక వీధిలో, సైకిలు స్టాండునకును జెరాక్సు దుకాణమునకును నడుమ, ఒకప్పుడు తెల్లగానుండిన సినిమాహాలు ముందు, జేబులో భూతద్దము ధరించి ఒక వీరుడు నిలిచియుండెను.

ఎవడతడు? అతడు ఘటికాయంత్ర చికిత్సా ధురంధరుడు; ఆగిన గడియారములకు ఆయువు పోయువాడు; ఆవగింజలో సగమైన మరను పట్టకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి, బిగింపగల స్థిరహస్తుడు. అయినను విధివిలాసము చూడుడు! ఊరి కాలమంతటిని కదలించు ఆ మహానుభావునికి తన తలను నిలుపుట చేతకాదు. కూర్చున్నచో కునుకు. గిరాకీ లేని వేళ దుకాణములో అతని తల ముందుకు వెనుకకు ఊగుచుండుటచే బజారంతయు అతనిని పెండ్యులంగారని పిలుచును. పెళ్లయిన నాటినుండి భార్యతో కలిసి చూచిన సినిమాలలో ఒక్కదానికైనను ఇంటర్వెల్ తరువాత కథ కలదని అతడెరుగడు. విలనులందరును ఏమైరని ఎవరైన అడిగినచో, వారంతట వారే మారియుందురని అతని నమ్మకము.

అట్టివాడు, టికెట్టు కొనుక్కొని, నిద్రకు పెట్టనికోటయైన సినిమాహాలుకు ఏల వచ్చెను? అది చెప్పెద, వినుడు.

ఆ వీరుని భార్య పళ్ల డాక్టరుగారి దగ్గర రిసెప్షనిస్టు. లోపల డ్రిల్లింగు రొద, బయట బెంచీమీద బుగ్గలు పట్టుకొన్నవారి మూలుగులు, నడుమ ఫోను గంట. ఆ కీకారణ్యమున కూర్చుండి ఆ ఇల్లాలు, ఒక పన్ను పీకుటకును మరియొక పన్ను పీకుటకును మధ్య ఒక్కొక్క పేరా చొప్పున, ఒక నవల వ్రాసెను. దాని పేరు ‘రెండు చందమామల బావగారు’. రెండు చందమామలు గల గ్రహమునుండి ఒకడు భూమికి దిగివచ్చి ఒకరి మేడమీది గదిలో అద్దెకుండును. వాని లోకములో మనిషికి రోజునకు ఒక్క మాటయే రేషను. అందుచే వాడు తెల్లవారినది మొదలు ఆలోచించి ఆలోచించి సందెవేళకు ఒక్క మాట అనును. ఆ ఒక్క మాటకు ఇల్లంతయు తలక్రిందులగును. చదివినవారు పడిపడి నవ్విరి. నవ్వినవారే ఆఖరి పుటలో ఎవరును చూడకుండ కండ్లు తుడుచుకొనిరి. పంటినొప్పితో వచ్చినవారు సైతము తమ వంతు పిలిచినను పుస్తకము వదలి లేవలేదని డాక్టరుగారు కొంచెము కినుకగా చెప్పిరి.

అంతట ఒక నిర్మాత వచ్చెను. ఆ కథను తీసికొనిపోయి, రోజునకొక్క మాట మాటలాడువానిచేత గుక్క తిప్పుకొననీయక మాటలాడించెను. పాటలు పాడించెను. ఆకుపచ్చ తొడుగు తొడిగించెను. ఆ తొడుగునకు వీపున జిప్పు. ఆ జిప్పు కనబడకుండుటకై బావగారిని చిత్రమంతయు మనవైపే నిలిపి, ఒక్క పాటలో మాత్రము మరచిపోయి గిరగిర త్రిప్పిరి. అంతరిక్షనౌక యనునది తిరగవేసిన మూకుడు. కృష్ణబిలమనగా ఒక నల్లగొడుగు. దానిని వెనుకనుండి ఎవడో త్రిప్పుచుండ వాని మోచేయి కనబడెను. చిత్రము విడుదలయ్యెను. పత్రికలు ఏకిపారవేసెను. అంతరిక్షములో ఆకర్షణ ఉండదని విన్నాము, అది ఇంత నిజమని తెలియదని ఒక విమర్శకుడు వ్రాసెను. ఆ విమర్శ మాత్రము ఊరిలో బాగుగ ఆడెను.

మొదటినాటి ఆటకు ఆ ఇల్లాలు కొత్త చీర కట్టుకొని వెళ్లి, ఇంటర్వెల్‌లో లేచి వచ్చెను. ఆ గడప మరల తొక్కనని ఒట్టు పెట్టుకొనెను. అప్పటినుండి ఇంటిలో మాట తగ్గెను. దంతవైద్యశాలకు వచ్చిన ప్రతి ఉబ్బినబుగ్గయు, ‘ఆ సినిమా మీ కథేనటగా?’ అని అడుగును. ఔనన్నచో సిగ్గు, కాదన్నచో దుఃఖము. చివరికొక సాయంకాలము, ఆరిన బట్టలు మడతపెట్టుచు ఆమె భర్తతో ఇట్లనెను:

“సినిమా పోతే పోయిందండీ. మొదట్లో నా పేరు వెయ్యలేదు. ఆఖర్న వేస్తామన్నారు. వేశారో లేదో, అదొక్కటి తెలిస్తే చాలు నాకు. వెయ్యకపోతే, నేను రాసిందీ పోయినట్టే, నేనూ లేనట్టే.”

ఆహా! ఎంత చిన్న ప్రశ్న! అయినను ఊరు ఊరంతయు దానికి జవాబు చెప్పలేకపోయెను. కారణమేమందురా? ఆ చిత్రమును ఆఖరువరకు చూచిన మానవుడు లేడు. ఎదురింటి పోస్టుమాస్టరుగారు మూకుడు ఎగిరినంతనే లేచివచ్చిరి. మేనమామ కొడుకు నల్లగొడుగు దాక ఓర్చెను. వీధి చివరి టైలరు తాను ఆఖరుదాక చూచితినని చెప్పెను గాని, గట్టిగా నిలదీయగా, ఆఖరనగా తన పాప్‌కార్న్‌కు ఆఖరని తేలెను. నిర్మాతను అడుగుదమన్న, విడుదలైన నాటినుండి ఆ మహానుభావుడు ఫోను ఎత్తుట మానెను.

మన వీరుడు ఇంతకుమునుపే ఒకసారి ఆ దండయాత్ర చేసియుండెను. వెళ్లెను, కూర్చుండెను, నిద్రపోయెను. ఇంటికి వచ్చి, ‘ఉంది, ఇంత పెద్ద అక్షరాలతో వేశారు’ అని చేతులు చాచి చూపెను. ఏ పేరు తరువాత వచ్చినదని ఆమె అడిగెను. ‘హీరో పేరు తర్వాత’ అని అతడు తడుముకొనకుండ చెప్పెను. ఆమె అతని మొగమువంక చూచి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి లోనికి వెళ్లిపోయెను. తిట్టియున్నచో అతడు హాయిగా పడుకొనెడివాడు. తిట్టకపోవుటచే ఆ వీరునికి జీవితమున మొదటిసారి నిద్ర పట్టలేదు. అది మంచము మీద పట్టలేదు గాని, దుకాణములో పట్టెననుకొనుడు.

ఇప్పుడో, ఇదే కడపటి ఆట. ఈ మ్యాట్నీతో బావగారు ఊరు విడిచిపోవును. అప్పుడే గోడమీద ఆకుపచ్చ మొగము సగము కప్పి వేరొక సినిమా పోస్టరు అంటించిరి. బావగారి ఒక్క కన్ను మాత్రము వీధిలోనికి బిక్కుబిక్కుమని చూచుచుండెను.

వీరునకు సారథి యుండవలెను గదా! ఈ వీరుని సారథి అత్తగారు. ఆమె బడిలో లెక్కలు చెప్పి, పరీక్షల కాలమున హాళ్లలో పర్యవేక్షణ చేసి, రిటైరైన ప్రచండమూర్తి. ఆమె వరుసల నడుమ నడచుచుండ ఈగ సైతము వాలుటకు సంకోచించెడిది. బల్లమీద తలవాల్చి కునికినవాని చెవి ఆమె చేతికి చిక్కెనా, వానికి ఆ పూట కాదు, ఆ సంవత్సరమంతయు నిద్ర వచ్చెడిది కాదు. అట్టి కర్ణమర్దన కళాకోవిద అల్లుని ముందు మాత్రము నిస్సహాయురాలు. ఎంతైన అల్లుడు. అల్లునితో ఆమె సూటిగా మాటలాడదు. చెప్పవలసినది గోడకో, గుమ్మమునకో చెప్పును, అతడు వినవలెను. అల్లుని పక్క కుర్చీలో కూర్చుండదు. నడుమ ఒక కుర్చీ వదలి, అందులో తన సంచి నుంచును. ఇక అల్లునిపై చేయి వేయుటయా? శివశివా!

మరి ఆమె ఏల వచ్చెను? ఆమెకు నిద్ర రాదు. కాని దూరపు చూపు ఆనదు. తెరమీది అక్షరములు ఆమెకు చీమలబారు. అతనికి చూపు దివ్యమైనది. కాని నిద్ర వచ్చును. ఒకరికి కన్ను కలదు, మెలకువ లేదు. మరియొకరికి మెలకువ కలదు, కన్ను లేదు. ఇద్దరిని కలిపినచో ఒక ప్రేక్షకుడు.

హాలు గుమ్మమున ద్వారపాలకుడు నిలిచియుండెను. చేత టార్చిలైటు, మెడలో ఈల, మొగమున వైరాగ్యము. వానిని చూచి మన వీరుడు తన మనసులో ఇట్లు గర్జించెను: “ఓరీ నిద్రా! కనురెప్పల కపాటములను మూసి, కోటానుకోట్ల వీరులను గుర్రుపెట్టించిన దుర్మదాంధురాలా! నేడు నా రెప్పలకు గడియ వేసి వచ్చితిని. నా ఇల్లాలి పేరు కనబడుదాక ఈ నేత్రద్వయము మూతపడినచో, ఇకమీద గడియారమును ముట్టను. నా దుకాణమునకు తాళము వేసి తాళపుచెవిని కాలువలో పారవైతును!” పైకి మాత్రము, ‘లోపల ఏసీ తగ్గించి పెడతారాండీ?’ అని మెల్లగా అడిగెను.

ద్వారపాలకుడు ఆ హాలు శాసనమును విన్నవించెను.

“కళ్లు తెరిచిన మనిషి ఒక్కరు కూర్చునుంటే చాలు సార్, బొమ్మ నడుస్తుంది. ఎవరూ లేకపోయినా, ఉన్నవాళ్లు నిద్రపోయినా ఆపేస్తాం. కరెంటు ఊరికే వస్తుందా? మొన్న ఇలాగే ఒకాయన గుర్రు పెడుతుంటే, ఆపేసి, లేపడం ఎందుకని, మేమంతా వెళ్లి టీ తాగొచ్చాం.”

ఆ ఒకాయన తానేనని వీరుడు చెప్పలేదు. ఆఖరున పేర్లు వేయుదురా అని మాత్రము అడిగెను. ఆ ప్రశ్న విని ద్వారపాలకుడు, ఆకాశములో ఆవులుండునా అని అడిగినవానిని చూచినట్లు చూచెను. పేర్లదాక ఎవడును కూర్చున్న పాపమున పోలేదనియు, తాను సైతము ఆ పేర్లను ఎన్నడును చూడలేదనియు, అయినను మనిషి కూర్చున్నంతసేపు యంత్రము ఆపరాదని ఆపరేటరునకు ఆజ్ఞ కలదనియు చెప్పెను.

ఉభయులును లోన ప్రవేశించిరి. ప్రేక్షక మహాజనము అక్కడక్కడ వెదజల్లబడియుండెను. ఒక మందుల కంపెనీ సేల్స్‌మన్ సంచిని తలగడ చేసికొనెను. ఒక కొత్త జంట సినిమాకు తప్ప మిగిలిన సమస్తమునకును వచ్చియుండెను. దీపములారెను. మూకుడు ఎగిరెను.

అప్పుడు వీరుడు అస్త్రసన్నాహము చేసెను. గడియారములు బాగుచేయువారు తమ భూతద్దమును చేత పట్టరు. కనుబొమకును చెంపకును నడుమ ఇరికించి, ఆ కండరముల బిగువుతోనే నిలుపుదురు. కునికినచో బిగువు సడలును. సడలినచో అద్దము పడును. ఇదియే అతని వ్యూహము. అత్తగారు తన స్టీలు డబ్బా మూత తీసి నడిమి కుర్చీమీద నుంచి, ఎదుటి వరుస కుర్చీతో, ‘మోకాళ్ల మీద పెట్టుకుంటే చప్పుడు బాగా వస్తుంది’ అని చెప్పెను. వీరుడు గ్రహించి, మూతను మోకాళ్లపై నుంచుకొని, అద్దమును కంటికి బిగించెను. ఆ కంటికి సినిమా అంతయు మసకగా కనబడెను. మసకగా కనబడుటచే కొంత బాగుండెను.

ఇక చెప్పనేల ఆ సంగ్రామము! మొదటి పాట నిద్రకు పదాతిదళము. దానిని అతడు గిల్లుకొని త్రిప్పికొట్టెను. రెండవ పాట అశ్వదళము. దానిని మంచినీళ్లు త్రాగి నిలువరించెను. అంతట బావగారు తన గ్రహమును గూర్చి ఉపన్యసింప మొదలిడెను. నవలలో ఒక్క మాటతో తేల్చిన సంగతి అది. తెరమీద మాట మాటను కని, మాట పిల్లలను పెట్టి, పిల్లలు మరల మాటలాడుచుండ, వీరుని మెడలో ఎముక కరిగిపోయెను. తల పెండ్యులమయ్యెను. అద్దము జారెను. ఠంగుమని మూత మ్రోగెను! కొత్త జంట ఉలికిపడి చెరియొక వైపునకు జరిగెను. సేల్స్‌మన్ లేచి, తన స్టాపు వచ్చినదనుకొని సంచి సర్దుకొని బయటకు నడచెను. వీరుడు అద్దమును మరల బిగించెను. ఇట్లు ఠంగు, బిగింపు, ఠంగు, బిగింపుగా ప్రథమార్ధము గడచెను. తమకు ఏకాంతము దొరకదని తెలిసికొని ఇంటర్వెల్‌లో ఆ జంట సైతము పలాయనము చిత్తగించెను.

ఇంటర్వెల్ తరువాత హాలు నిండ కుర్చీలు, కుర్చీలనిండ ఎవరును లేరు. ఇద్దరే. పెళ్లయిన తరువాత మన వీరుడు ఒక సినిమా ద్వితీయార్ధములో అడుగుపెట్టుట అదే ప్రథమము. కొత్త దేశమునకు వచ్చిన బాటసారివలె అతడు ఆశ్చర్యముగా చూచెను. విలను మారనేలేదు! అదిచూచి అతనికి విలనుపై కోపము వచ్చి కొంతసేపు మెలకువ నిలిచెను. ద్వారపాలకుడు నడుమనడుమ వచ్చి టార్చి వేసి చూచుచుండెను. భూతద్దము వెనుక గుడ్లగూబ కన్నంత కన్ను మిలమిల మెరయుచుండ వాడు హడలి వెనుదిరుగుచుండెను. నల్లగొడుగు తిరిగెను. మోచేయి కనబడెను. ‘ఆ మోచేయి ఎవరిదో గానీ, ఒక్కరే నిజంగా కష్టపడుతున్నారు’ అని అత్తగారు సంచితో అనెను.

కట్టకడకు అందరును ఒక ఇంటి ముందు నిలిచి, ఎందుకో ఎవరికిని తెలియకుండ, ఒక్కసారిగా పకపక నవ్విరి. అత్తగారు జీవితమున చూచిన సినిమాలన్నియు ఇట్లే ముగిసెను గనుక, ఆమె ఇంక అయిపోయినదని గ్రహించెను. ‘సమాప్తం’ అని అక్షరములు పడెను.

జయించితిని! అని వీరుడు తలచెను. శ్రోతలారా, యుద్ధములో ఓడినవారికంటె, జయించితిమని ముందుగా తలచినవారే ఎక్కువమంది చెడిరి. పేర్లు చిన్నవి, అద్దముతో కనబడవు. కనుక అతడు భూతద్దము తీసి జేబులో వేసెను. మోకాళ్లమీది మూత తీసి నడిమి కుర్చీమీద నుంచెను. మూత పోయినచో డబ్బా దండుగయని అత్తగారు వెంటనే దానిని డబ్బాకు బిగించి సంచి అడుగున వేసెను. వీరుడు కుర్చీలో వెనుకకు వాలి, కాళ్లు చాచి, హాయిగా నిట్టూర్చెను. తెరమీద తెల్లని పేర్లు క్రిందినుండి పైకి మెల్లగా, మెల్లగా లేచుచుండెను. ఎక్కడనో ఒక వేణువు వినబడెను. చిత్రమంతటిలో బాగున్నది అదొక్కటే. అది జోలపాట.

నిరాయుధుడై, ప్రసన్నుడై, విజయగర్వముతో, వీరుడు నిద్రపోయెను.

టార్చి వచ్చెను. వెలుగు వీరుని మొగముపై పడెను. రెప్పలు మూసియుండెను, నోరు తెరిచియుండెను. ‘నిద్రపోయారు, ఆపేద్దామా?’ అని ద్వారపాలకుడు మీది ఆపరేటరు గదివైపు చేయి ఎత్తెను. ‘నిద్ర కాదండీ, ఆలోచిస్తున్నారు’ అని అత్తగారు అడ్డుపడెను. ఆ క్షణమున వీరుడు గుర్రుమని ఆలోచించెను.

ఆమె దగ్గెను. సంచిని కుదిపెను. డబ్బా సంచి అడుగున చీర నడుమ చిక్కి పలుకలేదు. ‘ఇక్కడెవరో మేలుకోవాలి’ అని స్తంభముతో చెప్పెను. స్తంభము మేలుకొనియే యుండెను. తెరమీద చీమలబారులు ఒకదాని వెనుక ఒకటి ప్రాకిపోవుచుండెను. ఏ బారులో తన కూతురున్నదో, ఉన్నదో లేదో, ఆ తల్లికి తెలియదు. తెలిసినదొక్కటే. ఈ బారు దాటిపోయినచో ఇక ఎవరును చూడరు; పిల్ల ఇంటిలో ఇస్త్రీపెట్టె ముందు నిలుచుండి, తాను లేననుకొనుచునే యుండును. ఆమెకు ఏడుపు వచ్చెను. ఏడుపు వెంట కోపము వచ్చెను. ఆ కోపమునకు అల్లుడని తెలియదు.

లేచెను ఆ హస్తము! ఏ హస్తము? ఎన్ని తరగతుల నిద్రను చెవులద్వారా పిండివేసెనో ఆ హస్తము. రిటైరైన నాటినుండి కందిపప్పులో రాళ్లేరుటకు తప్ప నోచుకొనని ఆ హస్తము. నడిమి కుర్చీని, సంచిని, సమస్త మర్యాదలను దాటి, గురి తప్పక వెళ్లి, అల్లుడుగారి కుడిచెవిని పట్టి, మెలి త్రిప్పెను. నోటివెంట అభ్యాసవశమున పాత మాటయే వచ్చెను.

“లే! టైమైపోతోంది! పేపరు చూడు!”

వీరుడు కెవ్వున లేవబోయి, లేవరాదని జ్ఞప్తికి వచ్చి, కుర్చీ చేతులు రెండును పట్టుకొని కూర్చుండెను. ద్వారపాలకుడు మీదికెత్తిన చేయి అట్లే నిలిచిపోయెను. వీరుడు కన్నులు తెరచెను. తెరచుట యన నెట్లు? పుట్టిననాటినుండి అంతగా ఎన్నడును తెరచియుండలేదు. ఎదుట ‘భోజన సదుపాయం’ అని లేచుచుండెను. దాని క్రింద వంటవారు వరుసకు నలుగురేసి ఇరుకుకొని నిలిచిరి. పిమ్మట కుక్కకు శిక్షణ ఇచ్చినవారు. చిత్రమున కుక్క ఉన్నట్లు అతనికి అప్పుడే తెలిసెను. ఆ పిమ్మట కొంత చీకటి. చీకటి క్రిందినుండి, ‘మూలకథ’ అని లేచెను. దాని క్రింద ఒక పేరు లేచెను.

అతడు ఆ పేరును పెద్దగా చదివెను. నిద్రలేపి పాఠము చదివించిన పిల్లవానివలె, అక్షరమక్షరము విడదీసి, హాలంతయు మ్రోగునట్లు చదివెను. ఖాళీకుర్చీలన్నియు వినెను. అత్తగారు నోటికి కొంగు అడ్డుపెట్టుకొనెను. ఆ పేరు మెల్లగా పైకి, పైకి జరిగి, తెర అంచు దాటి వెళ్లిపోయెను.

“ఎవరు సార్ ఆవిడ?” అని ద్వారపాలకుడు అడిగెను.

“మా ఆవిడండీ.”

ద్వారపాలకుడు టార్చి దించి, ఈ సినిమా ఆవిడే తీసినదా అని, రోజుల తరబడి పేరుకొన్న బాధతో విచారించెను. వీరుడు చెవి రుద్దుకొనుచు, వ్రాసినది ఆమె, తీసినది వేరేవారని వివరించెను. అయినచో వ్రాసినది ఎక్కడ దొరకునని వాడడిగెను. ఈ చిత్రము విడుదలైన తరువాత ఆ ప్రశ్న అడిగిన మానవుడు వాడొక్కడే.

హాలు మెట్లు దిగుచు అత్తగారు గోడను చూడలేదు, గుమ్మమును చూడలేదు. తలవంచుకొని, సూటిగా అల్లునితోనే, పెద్ద తప్పు జరిగిపోయినదనెను. వీరుడు, మీ చేతిలో చదువుకొనియున్నచో ఎప్పుడో బాగుపడియుండెడివాడనని అనెను. ఆమె నవ్వెను. ఇంతకాలమునకు ఆ ఇద్దరును ఒకే ఆటోలో, నడుమ సంచి లేకుండ కూర్చుండిరి.

వారు సరాసరి దంతవైద్యశాలకు వచ్చిరి. లోపల డ్రిల్లింగు రొద సాగుచుండెను. బెంచీమీద ఒక ఉబ్బినబుగ్గ. ఇల్లాలు బల్లవెనుక కూర్చుండి చీటీల మీద టైము వేయుచుండెను.

“నీ పేరు ఉంది” అని వీరుడు చెప్పెను.

ఆమె తలయెత్తలేదు. ‘అలాగే’ అనెను. ఇదివరలో చేతులు చాచి చూపినవానికి అంతకన్న ఏమి దొరకును? అప్పుడతడు వంటవారిని గూర్చి చెప్పెను, కుక్కను గూర్చి చెప్పెను, ఆ పిదప వచ్చిన చీకటిని గూర్చి చెప్పెను. అత్తగారు ముందుకు వచ్చి, “నాకు చదవడానికి కళ్లు ఆనలేదే. కానీ ఆయన మేలుకునే చదివారు. దానికి నేను పూచీ” అనెను. ఆ మాటకు ఇల్లాలు తలయెత్తి, భర్త కుడిచెవి వంక చూచెను. అది దానిమ్మపువ్వువలె ఎర్రబడియుండెను. ఆ ఎరుపు ఎవరి చేతిదో ఆమెకు బాగుగ తెలియును. ఆమెయు ఆ తల్లి దగ్గరనే లెక్కలు నేర్చెను. ఆమె కలము క్రింద పెట్టెను.

“నా పేరు పక్కన ఇంకెవరిదైనా ఉందా?” అని మెల్లగా అడిగెను.

“లేదు. వంటవాళ్లనైతే నలుగుర్నేసి ఇరికించారు పాపం. నీ వరసలో ఎవరూ లేరు. ఆ వరసంతా నీదే.”

ఆమె మొగము అటు తిప్పుకొని, సర్దిన చీటీలనే మరల సర్దెను. బెంచీమీది ఉబ్బినబుగ్గ తన బాధ మరచి చూచుచుండెను. అప్పుడు ఫోను మ్రోగెను. ఆమె ఎత్తి, గొంతు సవరించుకొని, దంతవైద్యశాల అని చెప్పుటకు బదులు, నిండుగా, తడబడకుండ, తన పేరు చెప్పెను.

అవతలివాడు రాంగ్‌నంబరనుకొని పెట్టివేసెను.

ఇట్లు, సమస్త పత్రికలును ఛీకొట్టిన, సమస్త జనులును విడిచిపోయిన, మూకుడును గొడుగును సైతము సిగ్గుపడిన ఒక చిత్రమును, ఒక గడియారాల మరమ్మతుదారు ఆఖరి పేరు వరకు, కొంచెము తక్కువగా, కండ్లు తెరచి చూచెను. ఈ విజయమును వినినవారికి సినిమాహాలులో ఎదుటివాని తల అడ్డురాకుండుగాక! చదివినవారి చెవులు చల్లగానుండుగాక! వీరుడు మాత్రము ఆ విజయానందమున దంతవైద్యశాల బెంచీమీద, ఉబ్బినబుగ్గ భుజముపై తలవాల్చి, అప్పుడే నిద్రపోయెను. ఇల్లాలు అతనిని లేపవద్దనెను.